ఏడు పొట్లాల కాఫీ మర

2024 నవంబరు 14, గురువారం. మహబూబ్‌నగర్, ఉదయం ఆరుంపావు.

బయలుదేరినవారు: నేను, నా భార్య సుగుణ. సామాను: బట్టల సంచి ఒకటి, చేతితో తిప్పే కాఫీ మర ఒకటి, రెండు మిల్లీమీటర్ల కంతల ఇత్తడి జల్లెడ ఒకటి, స్టీలు ఫిల్టరు ఒకటి, ఈ డైరీ. సుగుణ చేతిలో కాగితంలో చుట్టిన వక్కపొడి పొట్లం. అది నా లెక్కలోకి రాదనుకున్నాను.

జల్లెడ ఎందుకో చెప్పాలి. నేను ముప్పై ఒక్క ఏళ్లు భూసార పరీక్ష కేంద్రంలో పనిచేశాను. రైతులు తెచ్చిన మట్టిని ఎండబెట్టి, నలగ్గొట్టి, జల్లించి, పొట్లాలు కట్టి నంబర్లు వేయడం నా పని. కాఫీ అలవాటు కూడా అక్కడే అయింది. మైసూరు వైపు నుంచి వచ్చిన మా అధికారి ఒకాయన రోజూ మధ్యాహ్నం మూడింటికి గింజలు తీసి చేతిమరలో పట్టేవాడు. బదిలీ అయిపోతూ ఆ మర నాకిచ్చాడు. దాని మీద పన్నెండు గాట్లున్నాయి. ఫిల్టరుకు ఐదో గాటు, బట్టలో వడకట్టడానికి తొమ్మిదో గాటు అని పాత డైరీలో రాసుకున్నాను. మా వీధిలో కాఫీ పొడి పట్టే ఇల్లు మాదొక్కటే. మా వైపు అందరిదీ చాయ. కాఫీ అంటే జ్వరం వచ్చినప్పుడు పాలలో కలుపుకునే పొట్లం.

ఈ ప్రయాణానికి కారణం అంతకు నాలుగు రోజుల ముందు వచ్చిన ఫోను. మర్రిగూడ పక్క పల్లెలో ఉండే మా అక్క బుచ్చమ్మ చేసింది.

"తమ్ముడా, కాఫీ గింజలు పొడి ఎట్ల చెయ్యాలె?"

"ఎందుకక్కా?"

"ఇయ్యంకుడు వస్తుండు."

అక్క కొడుకు శ్రీశైలం జేసీబీ నడుపుతాడు. చిక్కమగళూరు కొండల్లో రోడ్డు పనికి పోయి, అక్కడి అమ్మాయి శోభను ఇష్టపడి, రెండేళ్ల కింద పెళ్లి చేసుకున్నాడు. శోభ తండ్రి మంజప్ప ఒక కాఫీ తోటలో గింజలు ఎండబెట్టి వేయించే పని చేస్తాడు. ఆయన పెళ్లికి రాలేదు. కులమో కట్నమో అడ్డం కాదు. మర్రిగూడ అనగానే ఎవరో ఆయనకు చెప్పారట, ఆ నీళ్లు తాగితే ఎముకలు వంగుతాయని. "నా బిడ్డను ఆ నీళ్లకు పంపను" అన్నాడట. ఆయనను తప్పుపట్టలేను. ఆ మాటకు సాక్ష్యం మా అక్కే. పెళ్లినాడు నాకంటే జానెడు పొడుగు. ఫ్లోరైడు నిండిన ఆ ఊరి బావి నీళ్లు, తరువాత బోరు నీళ్లు తాగి తాగి ఆమె నడుము ముందుకు వంగి అలాగే బిగిసిపోయింది. మెడ పైకి లేవదు. నిలబడిన మనిషితో మాట్లాడాలంటే పక్కకు తిరిగి చూడాలి. ఇప్పుడు ఇంటింటికీ కృష్ణా నీళ్ల నల్లా వచ్చింది, బోరు నీళ్లు గిన్నెలకూ పశువులకూ మాత్రమే. కానీ వచ్చిన వంపు వెనక్కి పోదు. నేను ఇన్నేళ్లూ నేలను పరీక్షించాను. నీళ్లు వేరే శాఖ.

ఆ మంజప్ప రెండేళ్ల తరువాత మెత్తబడి మూడు కిలోల వేయించిన గింజలు పార్సిలు పంపాడు. ఆదివారం వచ్చి బిడ్డను చూసి, సాయంత్రం బస్సుకే వెళ్లిపోతానని కబురు చేశాడు.

"ఒక్క కప్పు నా ఇంట్ల తాగితే సాలు తమ్ముడా," అంది అక్క. "తాగకుంట పోయిండనుకో, పిల్ల పైకి నవ్వుతది, లోపల ఏడుస్తది."

"గింజలు జాగ్రత్తగా ఉన్నాయా?"

 అక్క అప్పుడు చెప్పింది. సగం గింజలు శ్రీశైలం ఊరి గిర్నికి పట్టుకుపోయాడు. గిర్ని ఆయన బాగా ఆలోచించాడు. జొన్నలు పట్టే గిర్నిలో పోస్తే తరువాత వచ్చినవాళ్ల పిండి నల్లబడుతుంది, తిడతారు. అందుకని మిరపకాయలు పట్టే గిర్నిలో పోశాడు.

జడ్చర్ల

మహబూబ్‌నగర్ నుంచి మర్రిగూడకు ఒక్క పూటలో పోవచ్చు. మేమిద్దరం తొందరపడే వయసు దాటినవాళ్లం కనుక మధ్యలో ఒక రాత్రి కల్వకుర్తిలో ఆగాలని ముందే అనుకున్నాం. బస్సులో సుగుణ ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు తీసుకుంది. నాకు డబ్బులు పడ్డాయి. ఆ టికెట్టు నాకు రెండుసార్లు చూపించింది.

జడ్చర్లలో బస్టాండు ఎదురుగా ఒక హోటలు. ఉప్మా, పల్లి చట్నీ తిన్నాం. చాయ పది రూపాయలు. హోటలాయన పొడుగాటి బట్ట సంచిలో చాయ వడకడుతున్నాడు. ఆ సంచి చూడగానే నాకు ప్రయోగం చేయాలనిపించింది. బట్టకు తొమ్మిదో గాటు కావాలని తెలుసు, కానీ బట్టల సంచిలోని చిన్న డబ్బాలో ఉన్నది ఐదో గాటు మీద పట్టిన పొడే.

"ఇది జర మీ సంచిల వోసి చూద్దామా?" అని అడిగాను.

"గదేంది సార్, వక్కపొడా?"

"కాఫీ."

"పొద్దుగాల పొద్దుగాల ఎవరికి జరమొచ్చింది?" అని సుగుణ వైపు జాలిగా చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపి నన్ను చూపించింది.

వేరే సంచి తీసి మరిగే నీళ్లు పోశాడు. మొదట బాగానే దిగింది. తరువాత సంచి అడుగున పొడి బురదలా పట్టుకుని చుక్క చుక్కగా కారసాగింది. ఆయన ఓపిక పట్టలేక సంచిని పిండాడు. కప్పులోకి వచ్చింది చెరువు మట్టి కలిసిన నీళ్లలా ఉంది. చేదు నాలుక మీద నిలబడిపోయింది.

"మా చాయపత్త జూడుండ్రి, ఎంత దొడ్డుగుంటదో," అని గుప్పిట్లో పోసి చూపించాడు. "గందుకే నీళ్లు పోతయి, పత్త నిలుస్తది. మీది పిండి. పిండిని సంచిల వోస్తే అంబలైతది."

నేను డైరీలో రాసుకున్నాను: బట్టకు ఐదో గాటు పనికిరాదు. హోటలాయన డబ్బులు తీసుకోలేదు, సంచి కడుక్కోవడానికి మాత్రం కొంచెం గొణిగాడు.

కల్వకుర్తి

కల్వకుర్తిలో కాఫీ దొరుకుతుందని నేను అనుకోలేదు. శ్రీశైలం క్షేత్రానికి పోయే రోడ్డు పక్కన అద్దాల తలుపు ఉన్న చిన్న దుకాణం, లోపల ఇనుప యంత్రం. నడిపేది ముప్పై ఏళ్ల అమ్మాయి. హైదరాబాదులో ఇదే పని నేర్చుకుని వచ్చి సొంతంగా పెట్టుకున్నానని చెప్పింది. కార్తీక మాసం కదా, యాత్రకు పోయే కార్లు ఆగుతున్నాయి. ఒక కప్పు తొంభై రూపాయలు. వచ్చిన కప్పు దీపపు ప్రమిదంత ఉంది.

"గింతనేనా?" అంది సుగుణ. "అడుగు కనబడుతుంది బిడ్డా."

"గట్లనే ఉంటది ఆంటీ. పాలు కలిపి ఇంకోటి ఇస్త, పైసలద్దు."

ఆ అమ్మాయి పట్టిన పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాను. నా ఐదో గాటు కంటే మెత్తన. సున్నిపిండి కంటే కొంచెం గరుకు. ఇంత మెత్తగా ఉంటే నీళ్లు ఎలా దిగుతాయని అడిగాను.

"మిషన్ నెడుతది అంకుల్, బలంగ. అర నిమిషంల అయిపోవాలె. దొడ్డుగ పడితే సర్రున జారిపోతది, పుల్లగ, నీళ్లనీళ్లగ వస్తది. మరీ మెత్తగ పడితే దిగదు, మాడినట్టు చేదైతది. పొడి నీళ్లల్ల ఎంతసేపు ఉంటదో గదాన్ని బట్టి పట్టాలె. జర సేపుంటే మెత్తగ, శానాసేపుంటే దొడ్డుగ."

ముప్పై ఏళ్లుగా నేను గాట్ల నంబర్లు మాత్రమే రాసుకున్నాను. ఇంత తేలికైన మాట రాసుకోలేదు. మట్టిలో కూడా ఇదే కదా. ఇసుక నేలలో నీళ్లు ఆగవు, బంకమట్టిలో దిగవు. రోజూ చేసిన పని, రోజూ తాగిన కాఫీ, రెండింటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

అక్క సంగతంతా ఆ అమ్మాయికి చెప్పాం. ఆమె శ్రద్ధగా విని, "ఆయన ఇంట్ల ఎట్ల తాగుతడు అంకుల్?" అని అడిగింది.

"ఆ వైపు వాళ్లందరిదీ ఫిల్టరే కదమ్మా," అన్నాను.

"అడిగిండ్రా?"

అడగలేదు. కానీ మా అధికారి అదే తాగేవాడు. నాకు అనుమానం రాలేదు.

ఆ రాత్రి పాత సహోద్యోగి ఇంట్లో ఉన్నాం. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర పెట్టారు. తిన్న తరువాత మరను పూర్తిగా విప్పి, బ్రష్షుతో తుడిచి, ఏడు భాగాలనూ ఏడు కాగితాల్లో చుట్టి నంబర్లు వేసి, కిటికీ గట్టు మీద వరుసగా పెట్టాను. పొద్దున సంచిలో వేసేటప్పుడు లెక్కపెట్టాను. ఏడు. డైరీలో "7 పొట్లాలు, సరి" అని రాశాను.

దేవరకొండ దారి

మరునాడు కార్తీక పౌర్ణమి. బస్సులో కాలు పెట్టే జాగా లేదు. సుగుణకు ఒకామె తన సీట్లో సగం ఇచ్చింది. ఆమె ఒళ్లో గోనెపట్టాలో చుట్టిన ఉలులు, సుత్తి. నున్నబడిన రోళ్లకూ ఇసుర్రాళ్లకూ ఉలితో గరుకు పెట్టే పని ఆమెది. మావైపు కక్కు కొట్టడం అంటారు. నా చిన్నప్పుడు ఏడాదికి రెండుసార్లు ఇంటి ముందు కేకేసేవాళ్లు.

"ఇప్పుడు గిరాకి ఉన్నదా?" అని సుగుణ అడిగింది.

"ఏడున్నదమ్మా. మిక్సీలకు కక్కు కొడదామంటే అవి ఉలికి ఆగుతయా?" అని నవ్వింది. "ముసలోళ్లున్న ఇండ్లల్ల పిలుస్తరు. ఇయ్యాల దేవరకొండల ఒక పెండ్లి ఇల్లు. పసుపు దంచాలె, ఇసుర్రాయి పూజకు కావాలె. పెండ్లికి మాత్రం రాయి యాదికొస్తది."

మెత్తగా రావాలంటే గాట్లు ఎలా కొడతారని నేను నిలబడే అడిగాను. ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది.

"నీకెందుకు తాతా, రాళ్లు కొడతవా?"

"రాసుకుంటాను."

"రాసుకో మరి. మెత్తగ రావాల్నంటే గాట్లు దగ్గర దగ్గర. రవ్వ రావాల్నంటే దూరం దూరం. రాయి నున్నగైతే గింజ జారుతది గని ఇరగది."

రాసుకున్నాను. దేవరకొండలో దిగుతూ ఆమె సుగుణ దగ్గర కొంచెం వక్కపొడి అడిగింది. సుగుణ సంచిలో చెయ్యి పెట్టి, ఒక పొట్లం విప్పి, ఆమె అరచేతిలో పోసి మళ్లీ మడిచి లోపల పెట్టింది. నేను ఆ సమయంలో కిటికీలోంచి పత్తి చేలు చూస్తున్నాను. ఈ కథలో నేను చూడవలసిన ఒకే ఒక్క విషయం అది.

అక్క ఇల్లు

దీపాల వేళకు చేరాం. శోభ వాకిట్లో ప్రమిదలు వెలిగిస్తోంది. అక్క గడపలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది, నేనే పక్కన కూలబడ్డాను. ఆమె పక్కన కూర్చుంటే మా ముఖాలు ఎదురెదురుగా ఉంటాయి.

"వచ్చినవా తమ్ముడా. గింత సన్నగైనవేందిరా? ఏమ్మా సుగుణా, మా తమ్మునికి కాఫీ నీళ్లే వోస్తున్నవా?"

"నేను పోసుడేంది వదినె, ఆయనే కాసుకుంటడు. నన్ను పొయ్యి కాడికి రానిస్తడా?"

శ్రీశైలం పొలం నుంచి వచ్చి, గిర్నిలో పట్టించిన పొడి డబ్బా తెచ్చి చూపించాడు. మూత తీయగానే నాకు మూడు తుమ్ములు వచ్చాయి.

"తాగి చూసినవా?"

"తాగిన మామా. జలుబైతే ఇడిశింది," అన్నాడు. శోభ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

అప్పుడు నేను మర బిగించడానికి కూర్చున్నాను. ఒకటో పొట్లం, రెండో పొట్లం, వరుసగా ఆరు విప్పాను. ఏడోది విప్పితే వక్కపొడి. నంబరు లేదు. కిటికీ గట్టు మీద నా పొట్లాల పక్కనే సుగుణ తన పొట్లం పెట్టిందట. కాగితం ఒకటే రకం. పొద్దున నేను లెక్కపెట్టాను గానీ నంబర్లు చూడలేదు. స్ప్రింగూ, గాట్లను పట్టి ఉంచే చిన్న స్క్రూ ఉన్న ఏడో పొట్లం కల్వకుర్తిలో కిటికీ తలుపు వెనక్కి దొర్లి ఉంటుంది.

"ముప్పై ఏండ్లు పొట్లాలు కట్టిండు," అంది సుగుణ మెల్లగా.

అక్క మాత్రం నవ్వలేదు. "ఎల్లుండికి ఎట్ల మరి?" అని అడిగింది. ఆమె ముఖం పక్కకు తిరిగి నన్నే చూస్తోంది. నేను ఆరు భాగాలనూ మళ్లీ కాగితాల్లో చుట్టాను.

శనివారం

పొద్దున లేచేసరికి అక్క వెనక అరుగు మీద ఇసుర్రాయి ముందు కూర్చుని ఉంది. కందులు పప్పు విరవడానికి ఆమె ఇప్పటికీ అదే వాడుతుంది. పై రాయి తీయించి, నడుమ ఉన్న కీలకు పాత చీర పీలిక చుడుతోంది.

"ఇదేంటక్కా?"

"నీ మరకు గాట్లున్నట్టు నాకు పీలికలుంటయి. పిండికి పీలిక వద్దు. రవ్వకు ఒక్క చుట్టు. పప్పు ఇరవాల్నంటే రెండు చుట్లు. పై రాయి గంత లేస్తది." మొదట పిడికెడు బియ్యం పోసి విసిరి, రాయిలో ఉన్న కంది వాసన పోగొట్టింది. తరువాత నన్ను అడిగింది. "ఇగ జెప్పు, నీకు ఎంత దొడ్డు కావాలె?"

ఫిల్టరుకు కావలసిన పరిమాణం చెబుదామని నోరు తెరిచాను. కల్వకుర్తి అమ్మాయి అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది. శోభను పిలిచాను.

"మీ ఇంట్లో కాఫీ ఎలా కాస్తారమ్మా?"

శోభ తెలుగు మా అక్క నేర్పిన తెలుగు. "మా ఇంట్ల ఫిల్టర్ లేదు చిన్నాయనా. గది తోట ఓనర్లింట్ల ఉంటది. మేం బెల్లమేసి నీళ్లు మసలబెట్టి, దించి, పొడేసి మూత వెడతం. మడ్డి కింద కూసున్నంక బట్టల వడగడతం. పాలు గూడ వెయ్యం."

"రెండేండ్ల సంది గీ ముచ్చట చెప్పకపోతివి," అంది అక్క.

"మీరు అడగకపోతిరి అత్తమ్మా. మీ ఇంట్ల చాయ మంచిగనే ఉంటది."

 రెండేళ్లు రెండు పూటలా ఆ పిల్ల చాయ తాగింది. ఆ సంగతి అందరం ఒకేసారి గుర్తుచేసుకున్నట్టయింది.

శోభ చెప్పిన కాపుకు పొడి నీళ్లలో చాలాసేపు నానుతుంది, బట్టలోంచి దిగాలి. మెత్తగా ఉండకూడదు. అక్క ఒక చుట్టు వేసి గుప్పెడు గింజలు విసిరింది. నేను జల్లెడ పట్టాను. సన్నం ఎక్కువైంది. శోభ వేళ్లతో చూసి తల అడ్డంగా ఊపింది. ఇంకో సగం చుట్టు వేసింది అక్క. కళ్లు మూసుకుని తిప్పింది. మొదట గింజలు పటపటమన్నాయి, తరువాత గరగర, ఆ గరగర ఇంకా సన్నబడేలోపే చెయ్యి ఆపింది.

"ఇగో, గీడికి ఆపాలె. ఇంకో రెండు తిప్పులు తిప్పితే పిండి."

జల్లించాను. ఇడ్లీ రవ్వ కంటే ఒక మోస్తరు దొడ్డు, అన్నీ దాదాపు ఒకటే తీరు. నా మర తొమ్మిదో గాటు మీద ఇంత సమంగా ఎప్పుడూ పట్టలేదు. ఆ మాట డైరీలో రాసి, అక్కకు చదివి వినిపించాను.

శోభ కాచిన కాఫీ అందరం తాగాం. మంచి రంగు, అడుగున మడ్డి లేదు. పొడి ఈ రోజే చేసి పెడదామని నేనన్నాను. రాత్రికి వాసన పోతుంది, రేపు అప్పటికప్పుడే పట్టాలి అంది శోభ.

అప్పుడు అక్క అసలు మాట బయటపెట్టింది. "రేపు నేను ఈ ఎనుకనే ఉంట. విసిరి పొడి ఇస్త. నువ్వు కాసి ఇయ్యి పిల్లా. నాకు మోకాళ్ల నొప్పులని మీ నాయినకు చెప్పుండ్రి."

"ఎందుకు అత్తమ్మా? నీ గురించి అన్ని చెప్పిన నేను అప్పకు," అంది శోభ, తండ్రిని తన భాషలోనే పిలుస్తూ.

"చెప్పుడు వేరు, చూసుడు వేరు. ఆయన ఏ బుగులుతోటి రాలేదో, అదే ఎదురుంగ నిలబడితే కాఫీ గొంతుల దిగుతదా?"

 నేను ఆ రాత్రి డైరీలో మంజప్పకు చెప్పవలసిన ఐదు అంశాలు రాసుకున్నాను. నల్లా ఎప్పుడు వచ్చింది, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, అలాంటివి.

ఆదివారం

శ్రీశైలం మాల్ ఊళ్లో బస్టాండు దాకా బండి మీద పోయి ఆయన్ను తీసుకొచ్చాడు. పది గంటలైంది. సన్నటి మనిషి, తెల్ల పంచె, ఉన్ని టోపీ. భుజాన సంచి. అందులోంచి రెండు పెద్ద నీళ్ల సీసాల మూతలు కనబడుతున్నాయి. అంత దూరం నుంచి మోసుకొచ్చాడు.

శోభ కాళ్లకు నీళ్లిచ్చింది. కడుక్కున్నాడు.  ఆయన టోపీ తీసి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. మంచం అంచున కూర్చున్నాడు. సుగుణ మంచినీళ్లు తెస్తే రెండు చేతులూ జోడించి, తన సీసా తీసి రెండు గుక్కలు తాగి మూత బిగించాడు. మర్యాదగానే చేశాడు. కానీ శ్రీశైలం ముఖం వాడిపోయింది. నేను ఐదు అంశాల్లో మొదటిది మొదలుపెడదామని గొంతు సవరించుకున్నాను.

వెనక నుంచి రాయి తిరిగిన చప్పుడు వచ్చింది. పటపట.

మంజప్ప తల ఎత్తాడు. కన్నడంలో బిడ్డను ఏదో అడిగాడు. మిక్సీ లేదా అని అడిగాడట. ఉంది, అత్తమ్మ రాయి మీదే విసురుతోంది అని శోభ చెప్పింది. ఆయన లేచాడు. ఎవరం ఆపేలోపు ఇల్లు దాటి వెనక అరుగు దగ్గరికి పోయాడు. మేమంతా వెంట పోయాం.

అక్క కొంగు తల మీదికి లాక్కుంది గానీ చెయ్యి ఆపలేదు. మధ్యలో ఆపితే పొడి చెడుతుంది. ఇసుర్రాయి ముందు కూర్చున్న మనిషి ఎవరైనా వంగే ఉంటారు. ఆమె వంపు అక్కడ కనబడదు. నాకు అది ఆ రోజే తట్టింది.

మంజప్ప గొంతుక్కూర్చుని రాయి అంచు నుంచి చిటికెడు పొడి తీసి, వేళ్ల మధ్య రాసి, వాసన చూశాడు. తరువాత పంచె సర్దుకుని ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కర్రపిడి పైభాగం పట్టుకున్నాడు.

"అయ్యో అన్నా, మొగోళ్లు ఇసుర్రాయి పట్టుడేంది?" అంది అక్క.

శోభ చెప్పింది. వాళ్ల తోటలో పొద్దున్నే ఆడవాళ్లు గింజ కోతకు పోతారు. ఇంట్లో కాఫీ పొడి మగవాళ్లే పడతారు. మంజప్పకు వాళ్లమ్మ రాయి మీదే నేర్పింది, ఆ రాయి ఇప్పుడు లేదు.

ఇద్దరూ తిప్పారు. ఆమె గుప్పెడు గింజలు వేస్తుంది, ఆయన సగం దూరం తోస్తాడు, ఆమె సగం దూరం లాగుతుంది. గరగర సన్నబడబోతుండగా ఇద్దరూ ఒకేసారి చేతులు ఆపారు. ఒకరినొకరు చూసుకున్నారు. మంజప్ప మొదటిసారి నవ్వాడు.

శోభ పొడి ఎత్తుకుని పోయింది. మంజప్ప లేచి నిలబడ్డాడు. అక్క లేవలేదు. కొంగుతో రాయి తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది.

"నువ్వు పో అన్నా, నేనొస్త," అంది కిందికి చూస్తూ.

ఆయనకు తెలుగు రాదు. అయినా కదల్లేదు. కొంచెంసేపు చూసి చెయ్యి చాపాడు. అక్క ఆ చెయ్యి వైపు చూసింది, తరువాత పట్టుకుంది. లేవగలిగినంత లేచింది. ఆమె తల ఆయన ఛాతీ దగ్గరే ఆగిపోయింది. పక్కకు తిరిగి ఆయన ముఖం చూసింది. ఆయన చూపు తప్పించలేదు.

"ఎన్నేళ్లయింది?" అని అడిగాడు. పొయ్యి దగ్గరి నుంచి శోభ ఆ ప్రశ్న తెలుగులో చెప్పింది.

"నలభై ఏండ్లు దాటింది అన్నా. గప్పుడు తెల్వదు మాకు. తెలిసినా వేరే నీళ్లు లేవు." అక్క ఊపిరి తీసుకుంది. "నీ బిడ్డ వచ్చిన కాడికెళ్లి బోరు నీళ్లు ఒక్క సుక్క దాని గిలాసల పడనియ్యలే. నల్లా రాని దినం మా ఊరి పెద్ద ట్యాంకు కాడికి శ్రీశైలాన్ని తోలి తెప్పించిన. దాని బిందె వేరే, దాని చెంబు వేరే. నేను ముట్టుకునే ముందు చేతులు కడుక్కుంట. నాది నాతోనే పోవాలె."

శోభ ఈ మాటలన్నీ తండ్రికి చెప్పింది. తరువాత కన్నడంలో ఇంకా చాలాసేపు తన మాటలు చెప్పింది. అవి ఆమె మాకు తెలుగులో చెప్పలేదు, మేమూ అడగలేదు. మంజప్ప వింటూ మూలన మూత పెట్టి ఉన్న బిందె వైపు చూశాడు. దాని మెడకు గుర్తుగా ఎర్ర దారం కట్టి ఉంది.

కాఫీ వచ్చింది. బెల్లం వాసన ముందు, దాని వెనక కాఫీ. ఆయన కప్పు పట్టుకుని చాలాసేపు ఊదాడు. నాకు తెలిసి అంత వేడి లేదు. అక్క గోడకు ఆనుకుని నిలబడి కప్పునే చూస్తోంది. ఆయన ఒక గుక్క తాగాడు. ఆగాడు. మిగతాది తాగేశాడు. కప్పు బిడ్డ చేతికిచ్చి, ఇంకొంచెం పొయ్యమన్నట్టు వేళ్లు చూపించాడు.

"రుచి," అన్నాడు. ఆ మాట శోభ మార్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

సుగుణ నా మోచెయ్యి నొక్కింది. డైరీలోని ఐదు అంశాల్లో ఒక్కటీ నేను చెప్పలేదు.

మధ్యాహ్నం కంది పచ్చడి, దోసకాయ పప్పు, అన్నం. ఆయన మాతో కూర్చుని తిన్నాడు. నాలుగింటికి శ్రీశైలం బండి తీశాడు, బస్సు వేళవుతోందని. మంజప్ప శోభను ఏదో అడిగాడు. పొద్దున కూడా బస్సు ఉందా అని.

మరునాడు ఉదయం

కల్వకుర్తి నుంచి ఫోను. ఏడో నంబరు పొట్లం కిటికీ వెనక దొరికిందని, ఎవరితోనైనా పంపిస్తానని. తొందర లేదని చెప్పాను.

వెనక అరుగు మీద రాయి తిరుగుతోంది. ఈసారి అక్కకు ఎదురుగా శోభ కూర్చుంది. మంజప్ప ప్రయాణానికి తయారై, తన సీసాలు రెండూ పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ఒకటి ఖాళీది. రెండో దానిలో తన ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు ఇంకా సగం ఉన్నాయి. ఆ సగం కరివేపాకు మొదట్లో పోశాడు. తరువాత ఎర్ర దారం బిందె దగ్గర కూర్చుని, మూత తీసి, చెంబుతో ముంచి ఒక సీసా నిండా నింపుకున్నాడు. మూత బిగించి లేవబోయాడు.

అక్క రాయి ఆపకుండానే పక్కకు తిరిగి చూసింది.

"రెండోది గూడ నింపుకో అన్నా. శానా దూరం పోవాలె."

ఆయన శోభ చెప్పేదాకా ఆగలేదు. మళ్లీ కూర్చుని రెండో సీసా మూత తీశాడు.